నల్గొండ నీళ్లు, పాలమూరు ఎండ: మన ఇళ్లలో మంచి కాఫీ చేసుకోవడం ఎలా

మన వైపు పొద్దున లేస్తే చాయే. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, ఏ ఊళ్లో చూసినా బస్టాండు చుట్టూ చాయ్ డబ్బాలు ఎన్నో ఉంటాయి, ఫిల్టర్ కాఫీ దొరికే చోటు మాత్రం వెతుక్కోవాలి. ఇంట్లో కాఫీ చేసేవాళ్లు కూడా చాలామంది చాయ్ పద్ధతిలోనే చేస్తారు. నీళ్లు, పాలు, చక్కెర, పొడి అన్నీ ఒకే గిన్నెలో వేసి పొంగిస్తారు. చాయ్‌పత్తికి మరగడం కావాలి, కాఫీ పొడికి అది పడదు. మరిగిన కొద్దీ చేదు, వగరు ఎక్కువగా దిగుతాయి, వాసన ఆవిరితో పోతుంది. "కాఫీ చేదు, నాకు పడదు" అనేవాళ్లలో చాలామంది తాగింది ఈ మరిగించిన కాఫీనే.

ఖరీదైన మెషీన్ కొంటేనే మంచి కాఫీ వస్తుందనే నమ్మకం కూడా ఉంది. మన ప్రాంతంలో కాఫీని ముందుగా పాడుచేసేది నీళ్లు, ఆ తర్వాత పాతబడిన పొడి. ఈ రెండూ సరిచేసుకుంటే కొన్ని వందల రూపాయల స్టీలు ఫిల్టర్ చాలు. అందుకే నీళ్లతోనే మొదలుపెడుతున్నాను.

ముందు నీళ్లు

పాలు కలపని కాఫీలో 98 శాతం పైగా నీళ్లే ఉంటాయి. నల్గొండ బోరు నీళ్ల సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ ఎంతమంది నడుములు వంచిందో కళ్లారా చూశాం. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గితే, మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఎంత మరిగించినా కాఫీకి వాడొద్దు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. చాయ్ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, అందులో కొంత మన కప్పులోకి దిగుతుంది. కాఫీ గింజతో ఆ ఇబ్బంది చాలా తక్కువ. ఫ్లోరైడ్ ఊళ్లలో రోజుకు ఐదారు చాయ్‌లు తాగేవాళ్లు అందులో ఒకటి రెండు కాఫీకి మార్చుకున్నా మేలే అని నా అభిప్రాయం. అయితే నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ చాయ్‌లో అయినా కాఫీలో అయినా ఒకటే.

ఇక రుచి సంగతి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే అవి కఠిన జలం. ఆ నీళ్లలోని బైకార్బొనేట్లు కాఫీకి ఉండే సన్నటి పులుపును చంపేస్తాయి. కప్పులో రంగు కనిపిస్తుంది, రుచి మాత్రం సుద్ద కలిపినట్టు చప్పగా ఉంటుంది. దీనికి పూర్తి వ్యతిరేకం ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ నీళ్లు. ఆర్‌ఓలో ఖనిజాలు దాదాపు అన్నీ పోయిన నీళ్లతో కాఫీ పల్చగా, పదునుగా, ఏదో తక్కువైనట్టు వస్తుంది.

కాఫీకి నీళ్ల టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాల మొత్తం, మిల్లీగ్రాముల్లో) 75 నుంచి 250 మధ్య ఉంటే బాగు, 150 దగ్గరుంటే మరీ బాగు. టీడీఎస్ మీటరు కొన్ని వందలకే వస్తుంది. నల్లా నీళ్లు 300, క్యాన్ నీళ్లు 40 చూపిస్తే సగం సగం కలపండి, 170 వస్తుంది. చాలా ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలుస్తుంది. మీటరు చూపించేది కరిగిన లవణాల మొత్తాన్నే, ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పదు. దానికి నీటి పరీక్ష చేయించుకోవాల్సిందే.

మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు కాఫీకి మంచివి. క్లోరిన్ వాసన ఉంటే రాత్రి వెడల్పాటి గిన్నెలో పట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి వదిలేయండి. తెల్లారేసరికి చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే మూత లేకుండా కొన్ని నిమిషాలు మరగనివ్వండి.

పొడి కొనేటప్పుడు

కాఫీ మన నేలలో పండదు. దానికి కొండ ఎత్తు, చెట్ల నీడ, మనకు పడేదానికి రెట్టింపు పైగా వాన కావాలి. మనకు వచ్చేది కర్ణాటకలోని చిక్కమగళూరు, కొడగు, హాసన్ నుంచి, కేరళలోని వయనాడ్ నుంచి, మన తెలుగు కొండల్లో అరకు, పాడేరు, చింతపల్లి నుంచి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చింది. చిక్కమగళూరు, కొడగు అరబికాలకు, వయనాడ్ రోబస్టాకు కూడా అదే ఏడాది ఆ గుర్తింపు దక్కింది. విశాఖపట్నంలోని గిరిజన సహకార సంస్థ గిరిజన రైతుల దగ్గర కొన్న అరకు కాఫీని ప్యాకెట్లలో అమ్ముతుంది. నేను మొదట సూచించేది అదే, మన భాష మాట్లాడే కొండల పంట కాబట్టి.

గింజలు ప్రధానంగా రెండు రకాలు. అరబికాకు వాసన, మెత్తటి పులుపు ఎక్కువ. రోబస్టాకు చిక్కదనం, చేదు ఎక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు. ప్యాకెట్ మీద 'ప్లాంటేషన్' అని ఉంటే అది కడిగి ఆరబెట్టిన అరబికా. 'చెర్రీ' అంటే పండును పొట్టుతోనే ఎండబెట్టినది. 'పీబెర్రీ' అంటే కాయలో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగినది. వేయించడం సమంగా ఉంటుందని దాన్ని మెచ్చుకుంటారు, ధరా ఎక్కువే. మొదటిసారి కొనేవాళ్లు దాని కోసం అదనంగా పెట్టక్కర్లేదు.

బర్రె పాలతో తాగే ఇంట్లో ఉత్త అరబికా తేలిపోతుంది. ఆ వెన్న ముందు దాని సున్నితమైన వాసన నిలవదు. మూడు వంతుల అరబికాకు ఒక వంతు రోబస్టా కలిసిన పొడి అడగండి. ప్యాకెట్ ఆవు పాలు, టోన్డ్ పాలు వాడేవాళ్లకు ఉత్త అరబికా చాలు. పాలతో తాగేవాళ్లు మధ్యస్థంగా, లేదంటే దానికి కొంచెం ఎక్కువగా వేయించినది తీసుకోవాలి. మరీ లేతగా వేయించినది పాలలో పుల్లగా తగులుతుంది.

చికోరీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. ఇందులో కెఫీన్ లేదు. నల్లటి రంగు, చిక్కదనం, ఒక రకం తీపి చేదు ఇస్తుంది. దాన్ని తప్పు పట్టను, పాల కాఫీకి కొంచెం చికోరీ బాగానే ఉంటుంది. కానీ కాఫీ కన్నా చికోరీ చవక. చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతం తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. అంటే 49 శాతం దాకా చికోరీయే ఉండొచ్చు. ప్యాకెట్ వెనక్కి తిప్పి ఆ అంకెలు చూడండి. 80:20 నా లెక్కలో సరైన పాళ్లు. 70:30 దాటితే మీరు డబ్బులిచ్చి కొంటున్నది ఎక్కువగా రంగునే.

లూజు పొడి కొంటే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గాజు గ్లాసులో చల్లటి నీళ్లు నింపి, పైన అర చెంచా పొడి మెల్లగా చల్లండి. గ్లాసు కదపొద్దు. కాఫీ కణాల్లో నూనె ఉంటుంది కాబట్టి అవి కాసేపు పైనే తేలుతాయి. చికోరీ కణాలు కొన్ని క్షణాల్లోనే మునగడం మొదలుపెడతాయి. ఒక్కొక్కటి దిగుతుంటే దాని వెనక గోధుమరంగు దారం లాంటి గీత సాగుతుంది. వేయించినప్పుడు మాడిన చక్కెర నీళ్లలో కరగడమే ఆ గీత. కాసేపట్లో అడుగు నీళ్లన్నీ రంగు తేలితే అందులో చికోరీ గట్టిగానే ఉందని అర్థం.

చివరగా తేదీ. 'ఫలానా నెల లోపు వాడాలి' అన్నది కాదు, వేయించిన తేదీ చూడండి. వేయించిన గింజలు కొన్ని రోజులపాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ప్యాకెట్ మీద చిన్న గుండ్రటి వాల్వ్ పెట్టేది అందుకే. వేయించిన వారం నుంచి నెల రోజుల దాకా గింజలు మంచి రుచి మీద ఉంటాయి. మన ఊరి కిరాణా కొట్టులో దుమ్ము పట్టిన ప్యాకెట్ ఏ బ్రాండుదైనా వదిలేయండి. హైదరాబాద్‌లో వేయించిన గింజలను అడిగిన పాళ్లలో మర పట్టి ఇచ్చే దుకాణాలున్నాయి. సిటీకి వెళ్లొచ్చేవాళ్లు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా, వాళ్లతో తెప్పించుకోవచ్చు. లేదా తోటల నుంచి, వేయించేవాళ్ల నుంచి నేరుగా ఆర్డర్ చేయొచ్చు.

ఎంత కొనాలి? ఇద్దరికి ఒక పూట 20 గ్రాముల పొడి పడుతుంది. రోజుకు ఒక పూటే తాగితే 250 గ్రాములు పన్నెండు రోజులు వస్తాయి. రెండు పూటలా అయితే వారంలోపే అయిపోతాయి. తక్కువ పడుతుందని కిలో కొని పెట్టుకోవద్దు. చివరి పావు వాడేనాటికి అందులో కాఫీ వాసన మిగలదు.

దాచడం: మన ఎండలకు తగ్గట్టు

కాఫీని పాడుచేసేవి గాలి, వేడి, వెలుతురు, తేమ. ఏప్రిల్, మే నెలల్లో బయట 43, 44 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఆ రోజుల్లో పొయ్యి పైన షెల్ఫులో, ఫ్రిజ్ మీద, ఎండ పడే కిటికీ దగ్గర పొడి డబ్బా పెట్టారంటే చాలా త్వరగా కంపు నూనె వాసన వస్తుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గోడ ఏదో చూసుకుని, అక్కడ కింది అరలో పెట్టండి.

వచ్చిన ప్యాకెట్‌లోనే ఉంచి, గాలి నొక్కి తీసేసి, క్లిప్ పెట్టి, ఆ ప్యాకెట్‌ను బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టడం అన్నిటికన్నా మేలు. పాత పొడి మీద కొత్త పొడి పోయొద్దు. డబ్బా గోడలకు అంటిన పాత నూనె కొత్తదాన్నీ పాడుచేస్తుంది. డబ్బా కడిగి, పూర్తిగా ఆరాకే నింపండి. తడి చెంచా అసలు వద్దు.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. కింది అరలో వద్దు. తీసిన ప్రతిసారీ చల్లటి పొడి మీద తేమ పడుతుంది, పక్కనున్న ఉల్లిగడ్డ వాసన కూడా పట్టేస్తుంది. ఫ్రీజర్ వేరే సంగతి. ఎండాకాలంలో ఎక్కువ గింజలు తెచ్చుకుంటే వారానికొకటి చొప్పున చిన్న ప్యాకెట్లు చేసి, గాలి లేకుండా మూసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకటి తీశాక విప్పకుండా రాత్రంతా బయట ఉంచండి. ప్యాకెట్ మామూలు వేడికి వచ్చాకే విప్పాలి. విప్పినదాన్ని మళ్లీ లోపల పెట్టకూడదు.

పొడి కొట్టడం

గింజలు కొని అప్పటికప్పుడు కొట్టుకోవడమే ఉత్తమం. చేత్తో తిప్పే చిన్న మర ఉంటే పొడి సమంగా వస్తుంది. లేకపోతే మిక్సీ చిన్న జార్ వాడండి. ఒకేసారి తిప్పేస్తే వేడెక్కి వాసన పోతుంది. మూడు నాలుగు క్షణాలు తిప్పి, ఆపి, జార్ ఊపి, మళ్లీ తిప్పండి. మసాలా కొట్టిన జార్ అయితే ముందు గుప్పెడు తడి లేని బియ్యం వేసి తిప్పి పారేయండి. మన ఫిల్టర్‌కు పొడి బొంబాయి రవ్వ కన్నా సన్నగా, గోధుమ పిండి కన్నా గరుకుగా ఉండాలి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తెలియాలి.

డికాషన్ దించడం

ఇద్దరికి లెక్క: పొడి 20 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో ఎత్తుగా మూడు. నీళ్లు 120 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి 80 మిల్లీలీటర్ల దాకా డికాషన్ దిగుతుంది.

పొద్దున లేవగానే ఈ పని ముందు పెట్టుకోండి. మొహం కడుక్కుని పాలు కాచేలోపు డికాషన్ దిగిపోతుంది. రాత్రే వేసి ఉంచే అలవాటు చాలామందికి ఉంది. ఎండాకాలంలో అది తెల్లారేసరికి వాసన పోయి పులిసిన రుచికి వస్తుంది, అందుకే నేను ఒప్పుకోను.

ఫిల్టర్‌లో ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు ఉంటాయి. పైదాని అడుగున సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి డికాషన్ కిందిదానిలోకి దిగుతుంది. ఆ పై గిన్నె తడి లేకుండా ఉండాలి. పొడి వేసి, గిన్నెను అరచేత్తో మెల్లగా తట్టి సమం చేయండి. గొడుగు లాంటి బిళ్లను పొడి మీద ఉంచి, వేలితో చాలా తేలిగ్గా అదమండి. బలంగా నొక్కితే నీళ్లు దిగవు, అసలు నొక్కకపోతే నీళ్లు పక్కల నుంచి జారి పల్చటి డికాషన్ వస్తుంది.

నీళ్లు తెర్ల కాగాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అర నిమిషం ఆగితే కాఫీకి కావాల్సిన 92 నుంచి 96 మధ్యకు వస్తాయి. ముందు రెండు మూడు చెంచాల నీళ్లే బిళ్ల మీద చుట్టూ పోయండి. పొడి తాజాదైతే బిళ్ల అంచుల నుంచి నురగ బుడబుడమని పైకొస్తుంది, ఇల్లంతా వాసన లేస్తుంది. నురగే రాలేదంటే పొడి పాతది. అర నిమిషం తర్వాత మిగిలిన నీళ్లు సన్నటి ధారగా పోసి మూత పెట్టేయండి.

ఇక దాన్ని కదపొద్దు. పదిహేను నుంచి ఇరవై ఐదు నిమిషాల్లో దిగాలి. ఐదు నిమిషాల్లోనే దిగిపోతే పొడి మరీ గరుకు, లేదా అదమలేదు. అరగంట దాటినా చుక్క రాకపోతే పొడి మరీ మెత్తన, లేదా రంధ్రాలు మూసుకున్నాయి. అప్పుడు పై గిన్నెను కొంచెం ఎత్తి పెట్టండి, గాలి ఇరుక్కుని ఉంటే కదులుతుంది. రెండో నీళ్లు పోసి తీసే పల్చటి డికాషన్‌లో మిగిలేది చేదే, దాన్ని మొదటిదానిలో కలపొద్దు.

పాలు, కలపడం

పాలు ఒక్కసారే కాచాలి. పొంగు రాగానే దించాలి. పొద్దున కాచిన పాలను సాయంత్రం మళ్లీ మళ్లీ కాస్తే ఉడికిన వాసన కాఫీని మింగేస్తుంది. ప్యాకెట్ పాలలో టోన్డ్‌కు వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌కు 6 శాతం ఉంటుంది. కాఫీకి 4.5 శాతం ఉండే స్టాండర్డైజ్డ్ పాలు బాగా కుదురుతాయి. చిక్కటి బర్రె పాలైతే నాలుగో వంతు నీళ్లు కలిపి కాయండి. ఎండాకాలంలో బయట ఉండిపోయిన పాలలో పులుపు మొదలై ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉన్నా డికాషన్ తగలగానే విరుగుతాయి.

గ్లాసులో ముందు చక్కెర, దాని మీద 40 మిల్లీలీటర్ల డికాషన్, ఆపైన 110 మిల్లీలీటర్ల వేడి పాలు. గిన్నెలోకి, గ్లాసులోకి రెండుసార్లు ఎత్తి పోస్తే నురగ వస్తుంది. డికాషన్‌ను పొయ్యి మీద పెట్టి వేడి చేయొద్దు. చల్లబడితే ఆ గిన్నెను వేడి నీళ్లలో కాసేపు నిలబెట్టండి. మిగిలిన డికాషన్‌ను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి అదే రోజు వాడేయండి.

భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, చాయ్ తాగొద్దని, రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా ఇవి అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, గర్భిణులు ఈ మాట తప్పక పాటించాలి.

ఫిల్టర్ లేకపోతే

గిన్నెలో నీళ్లు మరిగించి దించి, పొడి వేసి ఒకసారి కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాల తర్వాత పల్చటి గుడ్డతో వడకట్టండి. కొంచెం గరుకు పొడి వాడితే మడ్డి రాదు. ఫ్రెంచ్ ప్రెస్ అయినా పద్ధతి ఇదే: 15 గ్రాముల గరుకు పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు, నాలుగు నిమిషాలు. పాలు లేకుండా తాగాలనుకునేవాళ్లకు ఇది సులువైన దారి.

మే నెలలో వేడి కాఫీ తాగాలనిపించని రోజుల కోసం, 60 గ్రాముల గరుకు పొడిని అర లీటరు చల్లటి నీళ్లలో వేసి, మూత పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పన్నెండు గంటల తర్వాత వడకట్టి, అంతే చల్లటి నీళ్లో పాలో కలుపుకోవచ్చు. వేడి తగలదు కాబట్టి చేదు చాలా తక్కువ.

ఇన్‌స్టంట్ పొడి వాడేవాళ్లు కనీసం దాన్ని పాలలో మరిగించడం మానండి. రెండు చెంచాల వేడి నీళ్లలో కరిగించి, పైన వేడి పాలు పోయండి.

ఫిల్టర్ కడగడం

వాడిన వెంటనే పొడి దులిపి వేడి నీళ్లతో కడిగి, బోర్లించి ఆరనివ్వండి. ఆ పొడి మొక్కల మట్టిలో కలిపేయొచ్చు. సబ్బు వాసన రంధ్రాల్లో నిలిచిపోతుంది కాబట్టి సబ్బు తక్కువ వాడండి. మన నీళ్లకు రంధ్రాల్లో తెల్లటి సున్నం కడుతుంది. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూస్తే ఎన్ని మూసుకున్నాయో తెలుస్తుంది. కాఫీ నూనె అడ్డుపడితే ఖాళీ గిన్నెను చిన్న మంట మీద కొన్ని క్షణాలు వేడి చేసి, చల్లారాక కడిగితే విడిపోతుంది. సున్నం అయితే వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు చెంచాడు కలిపి అరగంట నానబెట్టాలి. నీళ్లు కాచే గిన్నెకూ ఇదే మందు. సూదితో పొడిచి రంధ్రాలు పెద్దవి చేయొద్దు, ఆ తర్వాత పొడంతా కిందికే దిగుతుంది.